మల్లెపూదండ మోసిన ప్లేటు

నేను పది అంగుళాల నల్లటి ప్లేటును. పుట్టింది కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో, గ్రామఫోను కంపెనీ ఫ్యాక్టరీలో. చెట్టుకొమ్మల మీద పురుగులు పెట్టే లక్క, మెత్తగా నూరిన రాతిపొడి, నలుపు కోసం మసి కలిపి, ఆ ముద్దను వేడిచేసి రెండు లోహపు అచ్చుల మధ్య నొక్కారు. గాడిలో పాటతోనే బయటికి వచ్చాను. ఆ పాట ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’.

రాతిపొడి ఊరికే కలపరు. ఉక్కు ముల్లు నా మీద తిరిగేటప్పుడు ఆ గరుకే దాని మొనను అరగదీసి గాడికి కుదిరేలా చేస్తుంది. అందుకే పాట పాటకూ కొత్త ముల్లు పెట్టాలి. పిసినారితనానికి పోయి అరిగిన ముల్లుతోనే లాగిస్తే అది నా గాడిని తినేస్తుంది.

పాట రాసింది తిరుపతివాడు శంకరంబాడి సుందరాచారి. ఆంధ్రపత్రికలో ప్రూఫులు దిద్దాడు, తర్వాత బడుల తనిఖీ ఉద్యోగం చేశాడు. 1942 నాటి ‘దీనబంధు’ సినిమా కోసం ఈ పాట కట్టాడు. సినిమావాళ్లు వాడుకోలేదు. అప్పుడు హెచ్‌ఎంవి వాళ్లు దాన్ని టంగుటూరి సూర్యకుమారి చేత పాడించి ప్రైవేటు రికార్డుగా తెచ్చారు. సినిమాలో పడి ఉంటే, ఆ సినిమాతోపాటే మరుగున పడేదేమో. విడిగా వచ్చింది కాబట్టే కథతో పనిలేకుండా, ఎవరి నోట పడితే వాళ్ల పాట అయింది.

సూర్యకుమారి 1925లో పుట్టింది. ‘రైతుబిడ్డ’లో, ‘దేవత’లో నటించి అప్పటికే పేరు తెచ్చుకున్న చిన్నది. ఆ గొంతులో అరుపు లేదు, బడాయి లేదు. తల్లి ఎదురుగా కూర్చుని ఉంటే పాడినట్టే పాడింది. నాలాంటి ప్లేటు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. ఆ కాస్తలోనే గోదావరి, కృష్ణ, అమరావతి శిల్పాలు, త్యాగయ్య, తిక్కన, రుద్రమ, తిమ్మరుసు, కృష్ణరాయలు అందరూ రావాలి. తెలుగువాళ్లు అప్పుడు మద్రాసు దొరల కింద కొందరు, నిజాం కింద కొందరు. తెలుగు రాష్ట్రం అన్నది ఇంకా లేదు. ఓరుగల్లు రాణినీ హంపీ రాయలనూ ఒకే దండలో గుచ్చడం ఆ రోజుల్లో చిన్న ఊహ కాదు.

నన్ను చంద్రశేఖరపురం తెచ్చింది ఒక బడి అయ్యవారు. నెల్లూరులో కొని, పంచెలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. అప్పుడు ఈ ప్రాంతం నెల్లూరు జిల్లా. తిక్కన పేరు రాగానే “మన నెల్లూరాయన రా!” అనేవారు అయ్యవారు. పిల్లలు మార్కాపురం పలకలు ఒళ్లో పెట్టుకుని పాట రాసుకునేవాళ్లు. ఒక చరణం కాగానే ఆయన ముల్లు ఎత్తి ఆగేవారు. “అయ్యవారా, ఇంకొక్కసారి పెట్టండి” అని వెనక వరసలోంచి అరుపు. మళ్లీ కీ ఇవ్వడం, మళ్లీ మొదటినుంచి.

ఒకసారి చెయ్యి జారి పడ్డాను. అంచునుంచి సన్నటి పగులు. నిమిషానికి 78 చుట్లు తిరిగే నేను ఆనాటినుంచి చుట్టుకొక ‘టక్’ కొడతాను. పిల్లలు దాన్నే తాళం చేసుకుని పాడేశారు!

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు, నా గాడిలో పాడిన అమ్మాయికి పెదనాన్న. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, ఈ ఊరు అందులోకి వచ్చింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. నేనున్న చోటే ఉన్నాను, ఊరు మాత్రం ఆమె పెదనాన్న జిల్లా అయింది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు. లండన్‌లో స్థిరపడ్డ సూర్యకుమారి వచ్చి అదే పాట పాడింది. అది రాష్ట్ర గీతమై బడుల్లో మోగింది. 2005లో ఆమె లండన్‌లోనే కన్నుమూసింది.

సుందరాచారి సంగతే నన్ను కలవరపెడుతుంది. 1977లో తిరుపతిలో పోయాడు. ‘సుందర రామాయణం’ రాసినవాడు. తిరుపతిలో విగ్రహం ఉంది, నిజమే. కానీ ఈ ఊళ్లో పాట మొత్తం అప్పజెప్పే పిల్లల్ని ఎవరు రాశారని అడిగితే దిక్కులు చూస్తారు. తల్లికి దండ గుచ్చినవాడి పేరు తెలియకపోతే ఎట్లా? అయ్యవార్లూ, మీరు వేరే ఏమీ చేయనక్కర్లేదు. రేపు ప్రార్థనలో పాట ఎత్తుకునే ముందు, శంకరంబాడి సుందరాచారి రాసిన పాట అని ఒక పిల్లవాడి చేత గట్టిగా చెప్పించండి.