మచ్చ ఉన్న మూస

నేను పింగాణీ మూసను. కాలేజీ ల్యాబుల్లో క్రూసిబుల్ అంటేనే అందరికీ తెలుస్తుంది. నాలో వేసిన అవక్షేపాన్ని వడపోత కాగితంతో సహా కాల్చి, చివరికి మిగిలినదాన్ని తూచడం కోసమే నన్ను చేశారు. కాబట్టి నా బతుకంతా బరువు మీదే నడుస్తుంది. ముందుగా ఖాళీ మూసను కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి తూస్తారు. మళ్లీ కాల్చి మళ్లీ తూస్తారు. వరుసగా రెండు తూకాల మధ్య తేడా సుమారు 0.0003 గ్రాములు దాటకపోతే నా బరువు స్థిరపడినట్టు లెక్క. ఇంత నిక్కచ్చి కొలత చేతిలో పెట్టుకుని కూడా, నన్ను కడిగే వేళకు కంటిని నమ్ముకుంటారు. అడుగున గోధుమరంగు మచ్చ కనబడితే చాలు, అంట్లగిన్నెను తోమినట్టు ఇనుప పీచు పట్టుకుని కూర్చుంటారు. మూస శుభ్రంగా ఉందో లేదో తేల్చాల్సింది త్రాసేనని నేనంటాను.

అందుకు సాక్ష్యం నా ఒంటి మీదే ఉంది. ఒకే సైజు మూసలు కొలిమిలో తారుమారు కాకుండా వాటి మీద అంకెలు వేస్తారు. పెన్సిలు రాత, మామూలు సిరా ఆ వేడికి నిలవవు. అందుకని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో అంకె రాసి గట్టిగా కాలుస్తారు. అది ఐరన్ ఆక్సైడుగా మారి, పింగాణీని పట్టుకుని, చెరగని ఎర్రటి గుర్తుగా మిగిలిపోతుంది. ఇనుము పరిమాణం తేల్చే ప్రయోగం చేశాక లోపల మిగిలే మచ్చా ఇదే పదార్థం. బయట ఉంటే గుర్తు, లోపల ఉంటే మురికి! పూతలో కలిసిపోయిన ఆ రంగు ఎన్నిసార్లు కాల్చినా బరువును కదిలించదు. అసలు మిగులు అలా కాదు. కంటికి ఆనని రాగి పొర ఒకటి అంటుకుని ఉందనుకోండి, కాల్చినప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకుని బరువు పెంచుతుంది. కన్ను వదిలేసిన దాన్ని త్రాసు పట్టిస్తుంది. తోమడం వల్ల జరిగేది మాత్రం నష్టమే. నునుపు పూత గీసుకుపోతుంది, ఆ గీతల్లో తర్వాతి పదార్థం ఇరుక్కుంటుంది, పీచు నుంచి రాలిన ఇనుము కొత్త మచ్చ పెడుతుంది.

బరువు మారకపోయినా మచ్చలోని లోహం తర్వాతి నమూనాలోకి కరిగి రాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాలో ద్రావకాలు కాచినా, లవణాలు కరిగించినా వస్తుంది. లేశమాత్రపు లోహాలను వెతికే పనికి మచ్చ పడ్డ మూసను అసలు వాడకూడదు. కానీ అక్కడ కూడా తోమడం పరిష్కారం కాదు. ఏ లోహానికి వాడిన మూసను ఆ లోహానికే కేటాయించడం మేలు. అంకె అందుకూ పనికొస్తుంది కదా.

పోగొట్టక తప్పని మిగులు విషయంలో మొదట తెలియాల్సింది అదేమిటన్నదే. రాగి, వెండి, సీసం అయితే సజల నైట్రిక్ ఆమ్లంలో గోరువెచ్చగా ఉంచితే చాలావరకు కరిగిపోతాయి. అప్పుడు లేచే గోధుమరంగు పొగలు విషం కనుక ఆ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. వెండి కరిగి ఉందని తెలియక అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే తెల్లటి సిల్వర్ క్లోరైడ్ పేరుకుంటుంది. దాన్ని వదిలించడానికి మళ్లీ హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణం కావాలి. తగరానికి వరస తిరగబడుతుంది. నైట్రిక్ ఆమ్లం దాన్ని కరగని తెల్లపొడిగా మారుస్తుంది, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కరిగిస్తుంది. కాలి గట్టిపడిన ఐరన్ ఆక్సైడుకు వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అదీ చాలకపోతే నాలోనే కరిగించిన పొటాషియం బైసల్ఫేట్ పనికొస్తాయి. ఇంత తర్కం ఎందుకు, అన్నిటికీ ఆ రెండు ఆమ్లాలూ కలిపిన ద్రవరాజం పోస్తే పోలేదా అనేవారున్నారు. బంగారానికి అది సరే. వెండి మీద అది కూడా క్లోరైడు పొరే కడుతుంది. ఆ అలవాటుతో మా ప్లాటినం బంధువు మీద పోశారో, మురికితో పాటు మూసా కరుగుతుంది. ఒకప్పుడు సర్వరోగ నివారిణిగా వాడిన క్రోమిక్ ఆమ్లం జిడ్డుకు మందు, లోహానికి కాదు. పైగా అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం.

పింగాణీ మూస ఖరీదెంత, పారేసి కొత్తది తెచ్చుకోవచ్చు కదా అనే మాటకు నేను సగం ఒప్పుకుంటాను. కరిగిన సీసపు ఆక్సైడు సిలికాను తినేస్తుంది. అది తిన్న పూత తిరిగి రాదు. బాగా కాలిన తగరపు ఆక్సైడు ఆమ్లాలకు లొంగదు, దాన్ని లొంగదీసే క్షారాలు నన్నే తినేస్తాయి. కొలిమిలో సీసంతో బంగారం పరీక్షించే కొన్ని ల్యాబుల్లో మట్టి మూసలను ఒక్కసారి వాడి పారేయడం అందుకే. వాటి గోడల్లో ఇంకిన బంగారం తర్వాతి నమూనా లెక్కను తప్పిస్తుంది. ఇలాంటి చోట్ల పారేయడమే సబబు. కానీ పగుళ్లు లేని, బరువు స్థిరపడిన మూసను రంగు చూసి పారేయడం దుబారా. కొత్త మూసనైనా కాల్చి తూచి స్థిరపరచాకే వాడాలి, కనుక సమయం కూడా కలిసిరాదు.

ఇంకొక్క మాట. నా గోడలను వదిలిన సీసం, రాగి, వెండి ఎక్కడికీ మాయం కావు, కడిగిన ద్రావకంలోకి చేరతాయంతే. దాన్ని సింకులో ఒంపకండి. విడి సీసాలో పట్టి, ఏ లోహమో చీటీ అంటించి, భారలోహాల వ్యర్థాల్లో చేర్చండి. ద్రవరాజం మిగిలితే మాత్రం సీసాకు మూత బిగించవద్దు. అది వాయువులను వదులుతూనే ఉంటుంది.