ఊరికే నేర్పడానికొచ్చాం

చిన్న దేశానికి క్షిపణులు పంపినప్పుడల్లా పెద్ద దేశం వాటితోపాటు ఓ మాట కూడా ప్యాక్ చేసి పంపుతుంది: మావాళ్ళు యుద్ధం చెయ్యరు, ఊరికే నేర్పుతారు.

ఆ చదువెలా సాగుతుందో 1965 జూలై 24న ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్‌కి పడమటి వైపు ఆకాశంలో తేలింది. అమెరికా ఎఫ్-4 ఫాంటమ్ ఒకటి ఎస్-75 క్షిపణి దెబ్బకి కూలింది. కొట్టింది వియత్నాం విద్యార్థి కాదు, సోవియట్ మాస్టారు. రాడార్ క్యాబిన్‌లో ఉక్క భరించలేక నిక్కర్లకి దిగిపోయి తెరల ముందు కూర్చున్నవాళ్ళు రష్యన్లు. వాళ్ళ వీపుల వెనక నిలబడి చూస్తున్నవాళ్ళు వియత్నాం కుర్రాళ్ళు. నేను చేసినట్టు చెయ్యి, అన్నదే సిలబస్. పరీక్ష కూడా మాస్టారే రాసి పాసయ్యారు.

అమెరికాకి తెలియదా? శుభ్రంగా తెలుసు. ఆ ఏప్రిల్‌లోనే యూ-2 విమానం ఓ క్షిపణి స్థావరం కడుతుండగా ఫొటో తీసింది. బాంబులేద్దామంటే వాషింగ్టన్ వద్దంది, లోపలున్న రష్యన్లు పోతారేమోనని. ఫాంటమ్ పోయాక జూలై 27న రెండు స్థావరాల మీద విరుచుకుపడి ఆరు ఎఫ్-105లు పోగొట్టుకున్నారు. తీరా ఒకచోట ఉన్నది ఉత్తుత్తి క్షిపణి, రెండోచోట ఖాళీ.

అయినా రష్యాని నిలదీయడానికి వాళ్ళకీ నోరెలా వస్తుంది? 1961లో కెనెడీ పంపిన ‘ఫామ్ గేట్’ దళం దక్షిణ వియత్నాం గుర్తులేసిన విమానాల్లో వెళ్ళి బాంబులేసేది. శిక్షణేనని చెప్పుకోవడానికి విమానంలో ఓ వియత్నాం మనిషి ఉండాలని నియమం. అతనికి విమానం నడపడం రావాలన్న పట్టింపేమీ లేదు, బరువుంటే చాలు.

ఈ నాటకాన్ని నిండు హంగులతో ఆడింది మాత్రం ఈజిప్టులో. 1970 జనవరిలో ఇజ్రాయెల్ ఫాంటమ్‌లు కైరో పొలిమేరల దాకా వచ్చి కొట్టిపోతుంటే, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ గుట్టుచప్పుడు కాకుండా మాస్కో వెళ్ళి మొరపెట్టుకున్నాడు. మార్చికల్లా ఎస్-125 క్షిపణులతో ఓ పూర్తి డివిజన్ దిగిపోయింది. (ఈ క్షిపణికి నాటో పెట్టిన పేరు గోవా. సెలవులకి వచ్చామన్నా సరిపోయేది.) సిబ్బందికి ఈజిప్టు యూనిఫారాలు తొడిగి, హోదా గుర్తులు మాత్రం పీకేశారు. ఎండకి కందగడ్డల్లా ఎర్రబడ్డ మొహాలతో, రష్యన్‌లో ఆర్డర్లిచ్చుకుంటూ, ఆ ఎడారిలో వాళ్ళు ఎవరికీ కనపడలేదని అందరూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారు కూడా.

చిక్కల్లా దెబ్బ తగిలినప్పుడే. జూలై 30న ఇజ్రాయెల్ పైలట్లు పన్నిన వలలో సోవియట్ పైలట్ల మిగ్-21లు చిక్కాయి. ఇజ్రాయెల్ లెక్కలో కూలినవి ఐదు. మాస్కోది దొంగకి తేలు కుట్టిన బాధ. అరిస్తే, మీవాళ్ళకి అక్కడేం పని అంటారు. గెలిచిన ఇజ్రాయెల్ కూడా చాటుకోలేదు. అంతటి దేశాన్ని బాహాటంగా రెచ్చగొట్టి బాగుపడేదేముంది? కొట్టినవాడూ మాట్లాడలేదు, కొట్టించుకున్నవాడూ మాట్లాడలేదు. పోయిన పైలట్లు యుద్ధంలో పోయారని రాసుకుందామన్నా, వాళ్ళ దేశం లెక్కలో అక్కడ యుద్ధమే లేదు.

రెండేళ్ళు తిరిగేసరికి, నాసర్ తర్వాత గద్దెనెక్కిన సాదత్‌కి విసుగొచ్చింది. అడిగిన ఆయుధాలు రావు, అడగని సలహాలు మాత్రం రోజూ వస్తాయి. 1972 జూలైలో, ఇక దయచెయ్యండి అన్నాడు. ఉన్నారని ఒప్పుకోవడానికే మొహమాటపడిన మనుషుల్ని వేల సంఖ్యలో లెక్కపెట్టి మరీ సాగనంపాల్సొచ్చింది. మాస్కో మాత్రం తొణకలేదు: మావాళ్ళ పని పూర్తయింది, అందుకే వచ్చేస్తున్నారు అంది.

గెంటేస్తే చెప్పే మాటే కదా అని నవ్వుకున్నవాళ్ళకి 1973 అక్టోబరు యుద్ధంలో నవ్వాగిపోయింది. సూయజ్ మీదికొచ్చిన ఇజ్రాయెల్ విమానాల్ని క్షిపణులు వరసగా కూల్చడం మొదలెట్టాయి. ఈసారి ఆ తెరల ముందు కూర్చున్నవాళ్ళు ఈజిప్షియన్లే, వీపు వెనక మాస్టార్లెవరూ లేరు. ఇన్నేళ్ళ అబద్ధాల్లో మాస్కో నోటి నుంచి పొరపాటున ఒక నిజం జారింది, అదీ పరువు కాపాడుకోబోయి.