గరివిడి దాకానే కదేటి!

మా బావ చీపురుపల్లి నుంచి గరివిడికి బండి తీశాడు. వెనక అక్క, మధ్యలో పిల్ల, ట్యాంకు మీద పిల్లాడు, వాడి కాళ్ల దగ్గర బియ్యం మూట. హెల్మెట్ లేదనుకునేరు, ఉంది. అక్క మోచేతికి వేలాడుతోంది. అందులో కిలో వంకాయలు.

"బుర్రకి పెట్టుకోవేటి బావా?"

"ఉండరా బామ్మర్దీ, గరివిడి దాకానే కదేటి!"

ఈ మాటకి మా వైపున్న బలం ఐఎస్ఐ మార్కుకి లేదు. రాజాం వెళ్లేవాడికి, విజయనగరం వెళ్లేవాడికి గండాలుంటాయి గానీ గరివిడి వెళ్లేవాడి జోలికి యముడు రాడు. ఆయన దున్నపోతుకి దగ్గర బేరాలు గిట్టవు.

ఖాకీ చొక్కా కనిపిస్తే మాత్రం వంకాయలు అక్క ఒళ్లోకి, హెల్మెట్ బావ నెత్తికి చేరిపోతాయి. పట్టీ బిగించడు. జంక్షన్ దాటగానే తియ్యాలిగా! 2019 సవరణ చట్టం ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సు రద్దు. రద్దుకి బావ భయపడడు, అసలు లైసెన్సుంటే కదా. భయమంతా ఆ వెయ్యికే. బుర్రకెంతో చట్టం రాయలేదు.

నాలుగేళ్లు దాటిన ప్రతి తలకీ హెల్మెట్ ఉండాలనీ అదే చట్టం చెబుతుంది. మా మేనల్లుడు బస్సెక్కితే మూడేళ్లవాడు, బడిలో చేర్చడానికి ఆరేళ్లవాడు. బండి మీద బస్సు వయసే చెల్లుతుంది.

ఇంగ్లండులో లారెన్స్ అనే ఆయనుండేవాడు, అరేబియా ఎడారులు దాటిన మొనగాడు. 1935 మేలో పక్కనున్న సైనిక శిబిరం దాకా వెళ్లి బండి మీద ఇంటికొస్తూ, సైకిళ్ల మీదున్న ఇద్దరు కుర్రాళ్లని తప్పించబోయి పడ్డాడు. తలకి దెబ్బ, ఆరో రోజున పోయాడు. ఇల్లు రెండు మైళ్లు కూడా లేదు. అంటే వాళ్ల గరివిడి అన్నమాట. ఆయన్ని చూసిన డాక్టర్లలో కెయిర్న్స్ అనే ఆయన ఆ తర్వాత హెల్మెట్ల మీదే పరిశోధన చేశాడు. 1941లో బ్రిటిష్ సైన్యం డ్యూటీలో బండి నడిపేవాళ్లకి వాటిని తప్పనిసరి చేసింది.

మన దేశంలో 2022లో హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మందని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు, మా అక్కలాగే. వాళ్లంతా ఎంత దూరం బయల్దేరారో నివేదికలో లేదు.

అరగంటలో బావ ఫోను. చేరిపోయారట. వంకాయ ఒక్కటీ నలగలేదట.