వల ఆరేసుకుంటేనే వరం

కోనసీమ మత్స్యకారుడికి సర్కారు చేతికిచ్చే డబ్బంతా దాదాపు ఒక్క షరతు మీదే నడుస్తుంది: అతగాడు చేపలు పట్టకూడదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అందులో పేచీ లేదు. ఆ రోజుల్లో సిబ్బంది రేవుకొచ్చి, బోటు కట్టేసి ఉందా, దాని పక్కన మనిషున్నాడా అని చూసి పేర్లు రాసుకుంటారు. అంటే, మత్స్యకారుడినని రుజువు చేసుకోవాలంటే వల ఆరేసుకుని ఖాళీగా నిలబడాలి. ఇందుకు ఒకప్పుడు 4 వేలిచ్చేవారు. 2019లో ముమ్మిడివరం మండలం కొమానపల్లి సభలో అది 10 వేలై ‘మత్స్యకార భరోసా’ అయింది. 2025లో 20 వేలై ‘మత్స్యకారుల సేవలో’ అయింది. 2019 నిషేధం జూన్‌లో ముగిస్తే భరోసా నవంబరు 21న వచ్చింది. ఆలస్యమని సణగకండి, ఆ రోజు ప్రపంచ మత్స్య దినోత్సవం. ముహూర్తం కుదరొద్దూ!

రెండో వరం గ్యాసుది. సముద్రంలో తవ్వినా, పైపులైను వేసినా అక్కడ వేట బంద్. 2012లో గ్యాసు కంపెనీ జీఎస్‌పీసీ తవ్వకాలతో ఉపాధి పోయినవాళ్ల పరిహారం బకాయి తీరింది ఏడేళ్లకు, ఆ కొమానపల్లి సభలోనే. 2022 మే 13న మురమళ్ల సభలో ఓఎన్‌జీసీ పైపులైను బాధితులైన 23 వేల పైచిలుకు కుటుంబాలకు నెలకు 11,500 చొప్పున నాలుగు నెలల పరిహారం, సుమారు 108 కోట్లు. సొమ్ము కంపెనీది, నష్టం గంగపుత్రుడిది, ఖాతాల్లో వేసే బటన్ మాత్రం ముఖ్యమంత్రిది. గోడ కూల్చినవాడు కట్టిన జరిమానాను ఊరి పెద్ద పళ్లెంలో పెట్టి, అక్షింతలు వేసి ఇచ్చినట్టుంది.

ఆ మురమళ్ల సభలోనే నిషేధ కాలపు భృతి 10 వేలు కూడా పంచారు కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. చేప గుడ్లు పెట్టుకోవడానికి ఆగితే ఇంటికి రోజుకు 164 రూపాయలు. పైపు కోసం ఆగితే 383. ఇప్పటి 20 వేలైనా రోజుకు 328కే వస్తుంది, 2022 నాటి పైపును ఇంకా అందుకోలేదు.

మరి వేటకెళ్లే రోజుల మాటేమిటి? లీటరు డీజిల్‌కు 9 రూపాయల సబ్సిడీ ప్రకటించారు, కాదనను. కొత్త ఫిషింగ్ హార్బర్లని చాటినప్పుడు జాబితాలో అటు ఉప్పాడ ఉంది, ఇటు అంతర్వేదికి గోదావరి అవతల బియ్యపుతిప్ప ఉంది. నడుమ ఉన్న కోనసీమ అంతర్వేది మినీ హార్బరుతోనే సరిపెట్టుకోవాలి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటేస్తే బోటు పోటు కోసం కాచుకోవాల్సిందే. ఆ కాచుకున్న గంటలకు మాత్రం ఏ పథకమూ లేదు.

వేట సాగే రోజుల కోసం కూడా ఒక సభ పెట్టొచ్చుగా అంటారేమో. ఎలా పెడతారండీ, ఆ రోజు కుర్చీల్లో కూర్చోవాల్సిన జనమంతా సముద్రం మీద ఉంటే!