పార్కు గేటు మీది శాసనానికి టీకా తాత్పర్యం

మూలం: "ఈ పార్కు అభివృద్ధి పనుల నిమిత్తం తాత్కాలికంగా మూసివేయబడినది. ప్రజలు సహకరించగలరు."

అవతారిక: ఇది గద్యం. కర్త ఎవరో తెలియదు. తెలియకూడదనే "మూసివేయబడినది" అని కర్మణి ప్రయోగం చేశారు. తాళం వేసిన గేటుకు వేలాడే ఈ వాక్యం ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. దీనికి నిండైన లక్ష్యం మాత్రం న్యూయార్కు నగరంలోని ఈస్ట్ రివర్ పార్కు.

ఈ పార్కు: మాన్‌హట్టన్ తూర్పు అంచున నదికీ, ఎఫ్‌డీఆర్ డ్రైవ్ అనే రహదారికీ మధ్య ఇరుక్కున్న పొడవాటి పచ్చిక పట్టీ. రాబర్ట్ మోజెస్ హయాంలో 1939లో వెలిసింది. రోడ్డుకు అవతల ప్రభుత్వం కట్టించిన ఇళ్ల సముదాయాలున్నాయి. 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుపానుకు నదీజలాలు పార్కునూ రోడ్డునూ దాటి పేటలోకి వచ్చాయి. కనుక వరద నుంచి రక్షణ కావాలా అన్న దగ్గర అక్కడెవరికీ పెద్దగా తగువు లేదు. తగువంతా తరువాతి పదం దగ్గర.

అభివృద్ధి: 2014లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఈ తీరరక్షణకు 33.5 కోట్ల డాలర్లు కేటాయించింది. పేటవాసులు, వాస్తుశిల్పులు, అధికారులు కలిసి ఏళ్ల తరబడి కూర్చుని ఒక పథకం తయారుచేశారు. రహదారి అంచునే గడ్డి మట్టికట్ట లేస్తుంది. పార్కు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. పెద్ద వరద వస్తే మునుగుతుంది, పోతే తేరుకుంటుంది. 2018 సెప్టెంబరులో నగరపాలకులు ఆ కాగితాలు పక్కన పెట్టి, పార్కునే సుమారు 8 అడుగుల మట్టితో పూడ్చి, పైన కొత్త పార్కు కడతామన్నారు. ఖర్చు 76 కోట్ల డాలర్ల నుంచి 145 కోట్లకు ఎగబాకింది. అభివృద్ధి అంటే పెరగడమని కోశకారులు చెప్పిన అర్థాన్ని ఇంత నిష్ఠగా పాటించినవారు అరుదు.

పూర్వపక్షం: నగరపాలకులు కారణాలు చెప్పకపోలేదు. పాత పథకంలో కట్ట వచ్చేచోట భూమిలో భారీ విద్యుత్ తీగలున్నాయి. పనుల కోసం రహదారి వరుసలను రాత్రుళ్లు ఏళ్లకేళ్లు మూయాలి. పైగా పార్కుకు ఉప్పునీటి బెడద తప్పదు. ఇవి తీసిపారేయదగ్గవి కావు.

పాఠాంతరం: పేటవాసుల్లో చాలామంది ఊరేగింపులు తీశారు, కోర్టుకెక్కారు. మొదటి పథకాన్నే మెరుగుపరచి కట్టమన్నారు. దీనికి "ప్రత్యామ్నాయం" అని పేరు పడింది. ఈ టీకాకారుడు ఒప్పుకోడు. అది పాఠాంతరం కాదు, మూలపాఠం. 2018లో వచ్చి చేరినదే ప్రక్షిప్తం. ప్రక్షిప్తాన్ని సమర్థించుకోవలసిన భారం చేర్చినవారిదే కదా! 2019లో నెదర్లాండ్స్‌లోని డెల్టారెస్ సంస్థ నిపుణుణ్ణి పరిశీలించమంటే, పథకం ఎందుకు మారిందో తేల్చడానికి బయటపెట్టిన సమాచారం చాలదన్నాడాయన. ఆ మార్పుకు సంబంధించిన ఇంజనీరింగ్ అధ్యయనమొకటి ఎట్టకేలకు 2021లో బయటికొచ్చింది, పేజీల నిండా నల్లసిరా పూతలతో. లుప్తోపమాలంకారంలో ఒకటో రెండో మూడో అంగాలు లోపిస్తాయి. ఇక్కడ ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం నాలుగూ లుప్తమే.

ప్రజలు: బహువచనం. ఈ సంగతి ఇరుపక్షాలూ అప్పుడప్పుడు మరిచాయి. పూడికకు బలయ్యే చెట్ల కోసం నిలబడినవారు ప్రజలే. మళ్లీ మొదటికొస్తే ఇంకో తుపాను ముందొస్తుందని భయపడి, నగర పథకానికే తలూపిన ప్రభుత్వ గృహాల అద్దెదారుల నాయకులూ ప్రజలే. పార్కు దక్కాలని ఒకరు, ఇల్లు దక్కాలని ఒకరు. ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టిన ఘనత సమావేశాల్లో కూర్చున్నవారిది కాదు.

సహకరించగలరు: సామర్థ్యార్థకం. ఆ సామర్థ్యం నాలుగేళ్ల సమావేశాల్లో రుజువైంది. బోర్డు రాసినవారు దాన్ని విధ్యర్థకంగా వాడారు.

తాత్కాలికంగా: అత్యంత వివాదాస్పద పదం. మొదట పార్కు మొత్తాన్ని 2020 మార్చి నుంచి మూడున్నరేళ్లు మూస్తామన్నారు. గొడవ ముదరడంతో 2019 చివర్లో విడతలవారీగా మూస్తామని దిగొచ్చారు. పేటవాసుల ఆందోళన సాధించిన కచ్చితమైన ఫలితం ఇది. నవంబరులో నగర మండలి పథకాన్ని ఆమోదించింది. 2021 డిసెంబరులో రంపాలు దిగాయి. మధ్యలో న్యాయస్థానం ఆపమన్నా కొద్ది రోజులకే ఆ ఆంక్ష తొలగింది. లెక్కలో ఉన్నవి సుమారు వెయ్యి చెట్లు. పోయినవాటికన్నా ఎక్కువే నాటుతామని నగరం మాట. ఎత్తు పెంచిన పార్కులో కొంత భాగాన్ని 2025లో తెరిచారు. మొదట చెప్పిన 2020 మార్చి నుంచి లెక్కిస్తే ఆ మూడున్నరేళ్లు అప్పటికి అయిదు దాటాయి.