లైనరుకు అవతలి వైపు

ఇంజిన్ పనికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఎంతవుద్ది మేస్త్రీ?" పొదిలిలో మా పెదనాన్న కొడుకు డీజిల్ షెడ్డులో కూర్చున్నప్పుడల్లా నా చెవిన పడే మాట అది. ఆ రోజు వచ్చినాయన మాత్రం ధర ఊసే ఎత్తలేదు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి అన్న చేతిలో పెట్టి, "ఇందులో రాసిన సామానే వెయ్యాలన్నా. డబ్బు సంగతి నాకొదిలెయ్," అన్నాడు.

ఆయనది టర్బో ఉన్న చిన్న డీజిల్ లారీ. తెల్లారుజామున లోడెత్తుకుని మర్రిపూడి, కొనకనమిట్ల వైపు పల్లెలు తిరిగొచ్చి, మధ్యాహ్నం మళ్లీ ఇంకో ట్రిప్పు కొట్టే బండి. ఎండాకాలం వస్తే దానికి ఊపిరాడదు. నీలం పొగ కక్కుతూ, ఆయిలు తాగుతూ, మిట్ట ఎక్కలేక మొరాయిస్తుంటే ఇంజిన్ దింపించి ఆటోలో వేసుకొచ్చాడు.

కాగితం నిండా పూతల పేర్లే. పిస్టనుకు ఒకటి, రింగులకు ఒకటి, పిస్టను ఆడే గొట్టానికి, అదే లైనరుకు, ఒకటి. ఎక్కడివయ్యా ఇవన్నీ అంటే, రాత్రిళ్లు ఫోనులో విదేశీ మెకానిక్కులు టర్బో రోటరీ ఇంజిన్లు విప్పి కట్టే వీడియోలు చూస్తాడట. కాలక్షేపానికి కాదు, నోట్సు రాసుకుంటూ చూస్తాడు. ఆ ఇంజిన్ కథంటే నాకూ ప్రాణం. ఇద్దరం టీ చల్లారిపోయేదాకా దాని గురించే మాట్లాడుకున్నాం.

రోటరీలో పైకీ కిందికీ ఆడే పిస్టను ఉండదు. అంచులు కాస్త ఉబ్బిన త్రిభుజం లాంటి రోటరు గదిలో తిరుగుతుంది. దాని మూడు కొనల్లో సన్నటి పట్టీలుంటాయి. ఎపెక్స్ సీళ్లంటారు వాటిని. గది గోడను రాసుకుంటూ మంటను అటూ ఇటూ పోనీకుండా ఆపేవి అవే. ఆ పట్టీకీ, గోడ మీది పూతకీ పొత్తు కుదిరితే ఇంజిన్ బతుకుతుంది, కుదరకపోతే లేదు. జర్మనీలో ఎన్‌ఎస్‌యూ కంపెనీకి కుదరలేదు. 1967లో అది తెచ్చిన ఆర్ఓ 80 కారు, 1968కి యూరప్‌లో ఆ ఏటి మేటి కారు. కానీ సీళ్లు త్వరగా అరిగిపోయాయి. వారంటీ కింద ఇంజిన్లు మార్చివ్వలేక కంపెనీ నలిగిపోయింది. 1969లో ఫోక్స్‌వ్యాగన్ చేతికి పోయింది.

హిరోషిమాలో మాజ్దా వాళ్లకూ మొదట్లో అదే గతి. విప్పి చూస్తే గోడ మీద అలలు అలలుగా గీతలు. దెయ్యం గోళ్లతో గీరిందని ఆ ఇంజినీర్లు చెప్పుకున్నారు. యమమోతో కెనిచి బృందం పట్టు వదలకుండా అల్యూమినియం కలిపిన కార్బను సీళ్లు తయారు చేసి, 1967లోనే కాస్మో స్పోర్ట్‌ను రోడ్డెక్కించింది. 1991లో లె మాన్ 24 గంటల పందెం గెలిచిందీ మాజ్దా రోటరీ బండే. అంత దూరం ఎందుకు, 2009 ఏప్రిల్లో కోలారు దగ్గర మన నిశాంత్ డ్రోన్ దేశంలో తయారైన వాంకెల్ ఇంజినుతోనే, అంటే రోటరీతోనే ఎగిరింది. ఆ ఇంజిన్ లోపలి గోడకు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన పూత వేశారు. బెంగళూరులోని విమాన పరిశోధనశాల ఎన్‌ఏఎల్ పనితనం అది. ఈయన కాగితంలో లైనరుకు ఎదురుగా రాసుకున్నదీ ఆ జాతి పూతే.

అన్న అంతా విని కాగితం బెంచీ మీద పరిచాడు. "ఈ పూత అల్యూమినియం గోడకు కావాలయ్యా. నీది పోత ఇనప లైనరు. హోనింగు గీతలే దానికి అండ, ఆ గీతల్లో ఆయిలు నిలబడాలి. పైరింగు క్రోముది వేద్దాం. లైనరూ క్రోమే, రింగూ క్రోమే అంటే మాత్రం ఒకదాన్నొకటి తినేస్తయ్." పిస్టను పక్కలకు గ్రాఫైటు పూత ఉన్నది తీసుకోమన్నాడు. టర్బోకు ఆయిలు పోసే పైపు కొత్తది వేయాల్సిందేనన్నాడు. ఆ పైపు బిగించేటప్పుడు ప్యాకింగు పేస్టు ముట్టుకోనివ్వడు. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఆ ఇరుసు ఆయిలు పొర మీదే తేలుతుంటుంది, పేస్టు ముక్క ఒక్కటి అడ్డం పడితే చాలు. ఆయన ఒంగోలు పోయి, పెట్టె మీది సీళ్లూ నంబర్లూ ఒకటికి రెండుసార్లు చూసుకుని అసలు సామానే తెచ్చాడు. బిల్లు చూసి అన్నే వెనకాడాడు గానీ ఆయన వెనకాడలేదు. సామాను మీద అంత గౌరవం ఉన్న ఓనర్లు మా వైపు అరుదు. ఆయన్ని చూస్తే నాకు ముచ్చటేసింది.

బిగించిన రోజున అన్న తన చేత్తోనే రేడియేటరులో పచ్చరంగు కూలెంటు పోసి, మూత పెడుతూ చెప్పాడు: "తగ్గితే ఇదే పొయ్యి. నీళ్లు కలపాల్సొస్తే ఉప్పు లేని నీళ్లు కలుపు."

పూత ఎంత గొప్పదైనా, ఇంజిన్‌లో మనం పోసేదాన్ని బట్టే దాని ఆయుష్షు. 1990లలో బీఎండబ్ల్యూ తన వీ8 ఇంజిన్లకు ఇదే నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత వేసింది. అమెరికాలో, బ్రిటన్‌లో పెట్రోలులో గంధకం ఎక్కువై ఆ పూతను తినేసింది. కంపెనీ ఇంజిన్లు మార్చివ్వాల్సొచ్చింది.

రెండేళ్లు తిరక్కుండానే ఆ లారీని ఇంకో బండికి కట్టి లాక్కొచ్చారు. డిప్‌స్టిక్కు తీస్తే ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉంది. అన్న మొహం మాడిపోయింది. హెడ్డు దించి చూస్తే లోపలంతా శుభ్రంగా ఉంది. లైనరు మీద హోనింగు గీతలు ఇంకా కనపడుతున్నాయి. రింగులకు క్రోము మెరుస్తోంది, పిస్టనుకు గ్రాఫైటు చెక్కుచెదరలేదు. టర్బో వేలితో తిప్పితే మెత్తగా తిరిగింది. ఏ పూతా మోసం చేయలేదు.

అప్పుడు మూడో లైనరు పీకి, వెనక్కి తిప్పి పట్టుకున్నాడు. వెలుపలి గోడకు తెల్లటి సున్నం పెచ్చుకట్టి ఉంది. గోటితో గీకితే పెళుసుగా రాలింది. దాని కింద, పిస్టను తన్నే వైపు, పైనుంచి కిందికి ఒకే వరుసలో సూది బెజ్జాలు, పురుగు తొలిచిన జొన్న గింజలా. వాటిలో ఒకటి ఈ వైపునుంచి ఆ వైపుకు తేలింది. లైటు పెడితే వెలుతురు కనపడింది.

పిస్టను తన్నినప్పుడల్లా లైనరు అదురుతుంది. ఆ అదురుకు దాన్ని అంటుకున్న నీళ్లలో బుడగలు పుట్టి, అక్కడే పగులుతాయి. పగిలిన ప్రతి బుడగా ఇనుము మీద ఒక దెబ్బ. కూలెంటులోని మందు ఇనుము మీద కంటికి కనపడని పొర పరిచి, దెబ్బ తగిలినచోట మళ్లీ మళ్లీ పరుస్తూ కాపాడుతుంది. లైనరుకు అవతలి వైపు పూత అదే. కాగితంలో రాయనిదీ అదొక్కటే.

"రేడియేటర్లో ఏం పోస్తన్నావు?" అన్నాడు అన్న.

"కొంచెం కారతందన్నా. రోజూ పొద్దున్నే పైదాకా పోసి తీస్తన్నా."

"ఏంది పోస్తన్నావు?"

"బోరు నీళ్లే. మోటారెయ్యగానే ఇంత ధార. రేడియేటరుకు మంచినీళ్లెవరన్నా పోస్తారా, దండగ గాకపోతే!"

అన్న లైనరును గోనెపట్టా మీద పెట్టాడు. "గుల్లయిపోయింది," అన్నాడంతే.

పొదిలి, కనిగిరి ప్రాంతాల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంతో, ఉప్పెంతో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ లారీ ఓనరుకు అసలే చెప్పక్కర్లేదు. ఆ బండి పల్లెలకు మోసే లోడేమిటో ఇంతవరకూ చెప్పలేదు గదా. ఆయనది శుద్ధి చేసిన నీళ్ల ప్లాంటు. లారీకి రెండు పక్కలా మూరెడు ఎర్ర అక్షరాలతో రాయించాడు: "బోరు నీళ్లు వాడకండి, ఎముకలు గుల్ల చేసుకోకండి." కింద నీలం రంగులో ధర: 20 లీటర్ల టిన్ను 15 రూపాయలు.

ఆ రేడియేటరుకు పట్టేది అందులో సగం.