ఇంకా ఉంది

నేను పుట్టడమే పుస్తకంగా పుట్టలేదు. 1968లో 'చందమామ'లో 'శిథిలాలయం' సీరియల్ మొదలయ్యాక, మద్రాసు వడపళని నుంచి తెనాలిలోని ఒక ఇంటికి నెలనెలా కొన్ని పేజీల చొప్పున వచ్చాను. ఆ ఇంటి పిల్లవాడు పిన్నులు విప్పి, నా పేజీలు మాత్రం చిరక్కుండా తీసి ట్రంకుపెట్టెలో దాచేవాడు. కథ అయిపోయాక అన్నీ దొంతి పెట్టుకుని బైండరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ బైండరు చేతులు నాకింకా గుర్తే. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు తుత్తం కలిపాడు. దబ్బనంతో బెజ్జాలు పొడిచి, దారం బిగించి, వీపుకు నల్ల కాలికో గుడ్డ అతికాడు. రాత్రంతా నామీద బరువు పెట్టి ఉంచాడు. తెల్లారేసరికి నాకొక ఒళ్లు వచ్చింది.

ప్రతి భాగం చివరా 'ఇంకా ఉంది' అని ఉంటుంది. బైండయ్యాక చదివినవాళ్లు పేజీ తిప్పేస్తే సరిపోయేది. ఆ పిల్లవాడు మాత్రం నెలనెలా ఎదురుచూసినవాడు. ఆ మాట పక్కనే పెన్సిల్‌తో తర్వాత ఏం జరుగుతుందో రాసుకునేవాడు. చాలామటుకు తప్పే. నాలో అచ్చయిన కథ ఎంతో, ఆ జరగని కథలూ నాకంతే. చివరి పేజీ అడుగున మాత్రం ఒక ప్రశ్న రాశాడు: 'ఇది రాసింది ఎవరు?'

ఆ ప్రశ్న నాదీను. బొమ్మల మూలన 'చిత్ర' అన్న సంతకమైనా ఉంది. కథ రాసినవారి పేరు నా ఒంటిమీద ఎక్కడా లేదు. సీరియళ్లకు రచయిత పేరు వేసేవారు కాదు. చదివే పిల్లలకు చందమామే కథ చెబుతున్నట్టుండేది. ఆ ముచ్చట బాగానే ఉంది కానీ, తండ్రి పేరు తెలియని దిగులు నాకు ఉండిపోయింది.

వీధిలో నన్ను చదవని పిల్లలు లేరు. తర్వాత పిల్లవాడు పెద్దవాడయ్యాడు, ఇల్లు ఖాళీ అయింది, పాత పేపర్లతో పాటు నన్నూ తూకానికి వేశారు. ఎన్ని చేతులు మారానో, చివరికి హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పూట మూసిన దుకాణాల ముందు, పేవ్‌మెంటు మీద తేలాను.

ఒక ఆదివారం అరవై దాటిన పెద్దావిడ వచ్చింది.

"బాబూ, పాత చందమామ సీరియళ్లున్నాయా? పేరు గుర్తులేదు. అడవిలో పాడుబడ్డ గుడి ఉంటుంది. ధూమకుడూ సోమకుడూ అని ఇద్దరు వీరులు..."

నాకు నోరుంటే అరిచేదాన్ని. గుడి నాదే తల్లీ! ధూమక సోమకులు మాత్రం నాకంటే ముందొచ్చిన 'పాతాళదుర్గం' వాళ్లు. నా వాళ్లు శిఖిముఖి, విక్రమకేసరి. జ్ఞాపకం ఆవిడకు రెండు సీరియళ్ల పేజీలు కలిపి ఒకే బైండుగా కుట్టిపెట్టింది. ఇన్నేళ్లూ ఆవిడ అడిగిన పుస్తకం ఎవరి దగ్గరా లేకపోవడంలో వింతేముంది? అలాంటిది ఎవరూ రాయలేదు.

ఆవిడ వంగి ఒక్కొక్కటే తీసి చూస్తూ నా దాకా వచ్చింది. మధ్యలో తెరిచింది. జరిగిన కథ చెప్పే నాలుగు వాక్యాల మీద వేలు ఆగింది. "శిఖిముఖి," అంది పైకి. మళ్లీ ఒకసారి, ఇంకా నెమ్మదిగా, "శిఖిముఖి." బేరమాడకుండా డబ్బిచ్చేసింది.

ఆ రాత్రి పొద్దుపోయేదాకా చదివి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, గుడి కథ దొరికిందిరా! ఎవరు రాశారో మాత్రం ఇందులో లేదు."

"దాసరి సుబ్రహ్మణ్యం గారక్కా. 'తోకచుక్క' నుంచి 'భల్లూక మాంత్రికుడు' దాకా పన్నెండు సీరియళ్లూ ఆయనవే. 1952లో చందమామలో చేరి యాభై ఏళ్లకు పైనే పనిచేశారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"2010లో పోయారక్కా."

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి పేరూ, ఆయన ఇక లేరన్న సంగతీ నాకు ఒక్క నిమిషంలోనే తెలిశాయి.

ఫోన్ పెట్టేశాక చివరి పేజీ తీసింది. తెనాలి పిల్లవాడి పెన్సిల్ ప్రశ్న దీపం కింద మసగ్గా ఉంది. దాన్ని చెరపలేదు. దాని కిందే పెన్నుతో, గుండ్రటి అక్షరాల్లో, 'దాసరి సుబ్రహ్మణ్యం గారు' అని రాసింది. సిరా ఆరేదాకా నన్ను మూయకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.